అందరూ అవునన్న చోట జగ్గారావు

ఖరగ్‌పూర్‌లో సూర్యుడు ఇప్పటికీ తూర్పునే లేస్తున్నాడంటే మా తాత ఇంకా ఆ విషయం మీద దృష్టి పెట్టలేదనే అర్థం. పెట్టాడా, వారం తిరక్కుండా సూర్యుడి చేతనే ఒప్పించేస్తాడు, నువ్వు లేస్తున్నది తూర్పు కాదురా నాయనా, పాతకాలంలో రైల్వేవాళ్లు గోడలు వంకరగా కట్టి నిన్ను మోసం చేశారు అని. సూర్యుడు నాలుగు రోజులు వాదించి, తలనొప్పి పుట్టి, సరే తాతా నీ ఇష్టం అంటాడు. అప్పుడు మా తాత, "అదెలా కుదురుతాది, నువ్వు లేసేది తూర్పునే" అంటాడు.

తాత అని రాస్తుంటే గౌరవం అడ్డొచ్చి చెయ్యి సాగడం లేదు. అందుకని ఇక్కణ్ణుంచి జగ్గారావు అనే రాస్తాను. పెద్దవాళ్లను పేరు పెట్టి రాయడం తప్పని మా అమ్మ అంది. తప్పు కాదని జగ్గారావు అన్నాడు. అమ్మ తప్పంది కాబట్టి అన్నాడు, నా మీద ప్రేమతో కాదు.

జగ్గారావు పుట్టింది రైల్వే క్వార్టర్లో. వాళ్ల నాన్న టెక్కలి దగ్గర్నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. ఇరవయ్యో ఏట జగ్గారావు కూడా అదే గేటులోంచి లోపలికి వెళ్లి అరవయ్యో ఏట బయటికి వచ్చాడు. చక్రాల షాపులో ఆయన పని, రైలుపెట్టెల చక్రాలు పరీక్ష చెయ్యడం. చక్రాన్ని సుత్తితో కొడితే, బాగున్నదైతే గుడిగంటలా ఖంగుమంటుంది. లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. నూరు చక్రాల్లో తొంభైతొమ్మిది ఖంగుమనేవే. అయినా చెవి మాత్రం ఆ నూరోదాని కోసమే కాచుకుని ఉండాలి. అదే ఉద్యోగం.

ఒకసారి ముగ్గురు మేస్త్రీలు చూసి బాగుందన్న చక్రాన్ని జగ్గారావు కొట్టి, "ఇది బయటికి పోదు" అన్నాడు. మేస్త్రీలు మళ్లీ కొట్టారు. అందరి చెవులకూ ఖంగుమనే వినిపించింది. ఇంజనీరు వచ్చి విని, దీనికేం రోగం, పంపెయ్యమన్నాడు. జగ్గారావు సుద్దముక్కతో దాని మీద అడ్డగీత గీసి పక్కనే చతికిలబడ్డాడు. భోజనం సైరన్ మోగినా లేవలేదు. విసుగొచ్చి చివరికి దాన్ని కోసి చూస్తే లోపల వెంట్రుకవాసి పగులు. ఆ సంవత్సరం ఆయనకు ఒక సర్టిఫికెట్టూ, ఒక గోడ గడియారమూ ఇచ్చారు.

ఆ చక్రాన్ని ఆపడం వల్ల ఎంతమంది బతికారో లెక్క లేదు గానీ, ఒక మనిషి మాత్రం పాడైపోయాడు. పదిమంది అవునన్నారంటే అక్కడ తప్పకుండా పగులుంటుందని ఆనాటి నుంచి జగ్గారావుకు గట్టి నమ్మకం.

వర్క్‌షాపులో ఉన్నన్నాళ్లూ ఆ నమ్మకానికి జీతం వచ్చేది. రిటైరయ్యాక దానికి చక్రాలు లేకుండా పోయాయి. ఇక ఎదురొచ్చిన ప్రతిదాన్నీ కొట్టి చూడసాగాడు. ప్రపంచంలోకెల్లా పొడుగైన ప్లాట్‌ఫారం మాదేనని ఖరగ్‌పూర్ వాళ్లకు ఒకప్పుడు పెద్ద గొప్ప. చుట్టాలొస్తే ముందు దాన్ని చూపించి, తర్వాత కాళ్లకు నీళ్లిచ్చేవారు. అది ఒక ప్లాట్‌ఫారం కాదు, రెండు ముక్కలు అతికినది అని జగ్గారావు వాదన. ఆ పేరు వేరే ఊరికి పోయిన రోజు ఊరంతా మొహాలు వేలాడేసుకుంటే జగ్గారావు జిలేబీలు కొని మా పేట ఖరిదాలో పంచబోయాడు. ఒక్కరూ పుచ్చుకోలేదు. పది రోజులకు, పోతే పోయిందిలే అని ఊరు సర్దుకున్నాక, కొలతలో మోసం జరిగింది, పొడుగు మనదే అనడం మొదలుపెట్టాడు.

ఖరిదాలో తీతు దాదా టీకొట్టు ముందు ఒక బెంచీ ఉంది. పొద్దున్నపూట నలుగురు రిటైరైన మనుషులు దాని మీద కూర్చునేవారు. జగ్గారావు ఐదోవాడు. కొన్నాళ్లకు నలుగురూ ముగ్గురయ్యారు, ముగ్గురూ ఇద్దరయ్యారు, మిగిలిన ఇద్దరూ రోడ్డు అవతల ఇంకో టీకొట్టు వెతుక్కున్నారు. ఒకనాడు తీతు దాదా సరదాకి ఒక పని చేశాడు. జగ్గారావు ఏమన్నా "ఠిక్ బోలేఛెన్ దాదా", నిజం చెప్పారన్నా, అంటూ వచ్చాడు. ఈ ఏడు ఇలిశ చేపలో రుచి లేదన్నాడు జగ్గారావు. నిజమే అన్నాడు తీతు. రుచి లేదని ఎవడన్నాడు, వండడం రాకపోతే చేపనంటారా, అన్నాడు జగ్గారావు. అదీ నిజమే అన్నాడు తీతు. అరగంటలో జగ్గారావు మూడుసార్లు అటూ ఇటూ మారి, టీ సగంలో వదిలేసి లేచిపోయాడు.

ఇంట్లో ఆయన్ని ఎలా నడపాలో ఆయన కూతురు, అంటే మా అమ్మ మీనాకుమారి, ఎప్పుడో కనిపెట్టింది. నాన్న స్వెట్టర్ వేసుకోవాలంటే, ఇవాళ చలేం లేదు కదా నాన్నా అంటుంది. మాత్ర వేసుకోవాలంటే, ఒక పూట మానేస్తే ఏమవుతుందిలే అంటుంది. అలా తిరగేసి చెప్పడం అలవాటై ఇప్పుడు మా ఇంట్లో ఎవరికి ఏం కావాలో ఎవరికీ తెలియదు.

ఇంత జరిగినా ఊళ్లో జగ్గారావుకు కూర్చోవడానికి ఒక చోటు మిగిలింది. గోల్‌బజార్‌లో సత్యం కిరాణా కొట్టు. సత్యం వాళ్లది ఏలూరు వైపు, తాతల నాటి నుంచీ ఇక్కడే పప్పులూ బియ్యమూ అమ్ముతున్నారు. కొట్టు కింద, ఇల్లు పైన. గల్లా పక్కన బోర్లించిన నూనె డబ్బా, దాని మీద మడత పెట్టిన గోనెసంచి, అదీ జగ్గారావు సింహాసనం. ముప్పై ఏళ్లుగా రోజూ ఐదింటికి సైకిలెక్కి వెళ్లి దాని మీద కూర్చునేవాడు. ఆయన ఏం వాదించినా సత్యం ఔననడు, కాదనడు. పప్పు తూస్తూ "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ"కి ఎదురు తిరగడం జగ్గారావుకు కూడా చేతకాలేదు. అందుకే నిలిచింది ఆ స్నేహం. సత్యం భార్య కన్యకాంబ ఏడింటికి పైనుంచి టీ పంపేది. పంచదార తక్కువైందని ముప్పై ఏళ్లు చెప్పాడు. ఆవిడ ముప్పై ఏళ్లూ పెంచలేదు.

ఈ ఏడు ఫాల్గుణమాసంలో కన్యకాంబ పోయింది. మధ్యాహ్నం గిన్నెలు సర్దుతూ సర్దుతూ గోడకు జేరబడింది, అంతే. గుండె అన్నారు.

పదకొండో రోజు భోజనాలు మేడ మీద. జగ్గారావు కూడా విస్తరి ముందు కూర్చున్నాడు. ఎదుటి వరసలో ఆడవాళ్లు, అలాంటి చోట అందరూ అనే మాటే అంటున్నారు. పూలతో, పసుపుకుంకాలతో, మొగుడి చేతుల మీదుగా వెళ్లిపోయింది, అదృష్టవంతురాలు. ఒకావిడ అంది. రెండో ఆవిడ అవునంది. మూడో ఆవిడ కళ్లొత్తుకుని, ఎంతమందికి దొరుకుతుందమ్మా ఆ చావు, అంది. సత్యం కోడలు వినీత కూడా తల ఊపింది. వరసంతా ఖంగుమంది.

జగ్గారావు చేతిలో గారె ఆగింది.

"అదురుష్టం ఏటమ్మా?" అన్నాడు. "సచ్చిపోడం అంత అదురుష్టమైతే మీరంతా ఇక్కడ కూకుని గారెలు తింటన్నారేటి?"

అక్కడితో ఆగి ఉంటే, ముసలాడి నోటికి అదుపు లేదులే అనుకుని ఊరుకునేవాళ్లు. జగ్గారావుకు ఆగడం రాదు.

"మూడు వారాలు నొప్పి నొప్పి అని ఆ మనిషి మొత్తుకుంటే గేసని కూకోబెట్టేసినారు. టయానికి కలకత్తా తీసుకెల్లుంటే ఇయేళ ఈ గారెలు ఆవిడే ఒడ్డించుండేది. అది అదురుష్టమేటి? పట్టించుకోపోడం అది."

సత్యం కొడుకు ఆదర్శ్ మజ్జిగ బకెట్టుతో వరస మధ్యలో నిలబడిపోయాడు. ఏదో అనబోయాడు. అతని కంటే ముందు సత్యం అన్నాడు. గొంతు పెంచలేదు. పప్పు ధర చెప్పినట్టు చెప్పాడు.

"గ్యాసని అన్నది నువ్వే కదయ్యా, జగ్గారావు."

జగ్గారావు విస్తరి ముందు నుంచి లేచాడు. చెయ్యి కడుక్కున్నాడో లేదో ఆయనకే గుర్తు లేదు. సైకిలు కొట్టు ముందే మర్చిపోయి ఖరిదా దాకా నడిచి వచ్చాడు. వచ్చీ రాగానే, "ఆ మాట నాను అన్నేదు" అన్నాడు. మాకెవరికీ ఏ మాటో తెలియదు.

ఆ మర్నాటి నుంచి కాళ్లకు చక్రాలు మొలిచాయి. ఐదు కాగానే బయల్దేరేవాడు. గోల్‌బజార్ వైపు వెళ్లి, సత్యం కొట్టున్న సందు మొదట దాకా వెళ్లి, చేపల బజారు వైపు తిరిగిపోయేవాడు. అక్కడ ఒక చుట్టు చుట్టి మళ్లీ సందు మొదటికి వచ్చేవాడు. మళ్లీ తిరిగిపోయేవాడు. ఒకరోజు ప్రేమ్ బజార్ దాకా నడిచి, కాలేజీ పిల్లల సైకిళ్ల మధ్య నిలబడి, తనెందుకు వచ్చాడో తెలియక, రెండు గుడ్లేసిన రోల్ ఒకటి కొని చేతిలో పట్టుకుని అలాగే ఇంటికొచ్చాడు. ఇంట్లోనూ కూర్చోడు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే గుమ్మం దాకా వెళ్తాడు, గుమ్మం దగ్గర, "సైకిలు తెచ్చుకోవాల" అంటాడు. తెచ్చుకోడు. చివరికి మా నాన్న వెళ్లి తెచ్చాడు. ఎందుకు తెచ్చావని జగ్గారావు ఆయన మీద విరుచుకుపడ్డాడు. ఆ సైకిలు అక్కడుంటే వెళ్లడానికి ఒక వంక ఉండేది. మా నాన్నకు ఆ సంగతి తట్టలేదు.

తను ఆ మాట అనలేదని రుజువు చెయ్యాలి. దానికి విచారణ మొదలుపెట్టాడు. సత్యం కొట్టుకు ఎదురుగా ఉన్న మందుల షాపాయన్ని అడిగాడు. ఆయన మొహమాటపడి, మీరే అన్నారండీ, నేను ఈసీజీ తీయించమంటే వద్దన్నారు, అన్నాడు. నీకు చెవుడు, అన్నాడు జగ్గారావు. తీతు దాదాను అడిగాడు. తీతు అక్కడ లేడు కదా, అయినా చెప్పాడు. "ఆప్నీ తో సబ్ సొమయ్ ఉల్టో బోలెన్." మీరెప్పుడూ తిరగేసే కదా చెప్పేది, అని. నలుగురు ఆస్పత్రి అంటే మీరు గ్యాసే అని ఉంటారు, ఇందులో అడగాల్సిందేముంది, అన్నట్టు నవ్వి గ్లాసు కడుక్కున్నాడు. జగ్గారావు టీ డబ్బులు రెండుసార్లు ఇచ్చి వచ్చాడు.

అందరూ అన్నావంటున్నారు. అందరూ అంటున్నారు కాబట్టి ఆయన అనలేదు. ఆ లెక్క పన్నెండు రోజులు నడిచింది. తిండి తగ్గింది. నడక పెరిగింది. చెప్పులు అరిగాయి.

పదమూడో రోజు మా అమ్మకు జాలేసింది. ఈసారి తిరగేసి చెప్పలేదు పాపం, మనస్ఫూర్తిగానే అంది.

"అలాటి మాట నువ్వెందుకంటావు నాన్నా. పెళ్లాం పోయిన బాదలో ఆ పెద్దాయనకి మతి సెదిరింది. ఏదో అనీసినాడు. నువ్వు అన్నేదు."

గుమ్మం దగ్గర తిరుగుతున్న మనిషి ఆగిపోయాడు.

"సత్యం మతికేటి? రాయిలాగున్నాది," అన్నాడు. "అన్నాను."

అనేశాక ఆ మాటకు తనే బెదిరిపోయినట్టు కుర్చీలో కూలబడ్డాడు. పన్నెండు రోజుల్లో అదే మొదటిసారి కూర్చోవడం.

అప్పుడు మొత్తం కళ్ల ముందుకు వచ్చింది. మాఘమాసం పెళ్లిళ్ల సరుకు దిగుతున్న సాయంత్రం. కొట్టు ముందు లారీ, లోపల చింతపండు వాసన. కన్యకాంబ టీ తనే పట్టుకుని దిగుతూ మూడో మెట్టు మీద ఆగి గోడకు చెయ్యి ఆనించింది. దవడ నుంచి భుజం దాకా లాగుతోందంది. ఆదర్శ్, ఇప్పుడే ఆస్పత్రికి పోదామన్నాడు. వినీత కూడా పోదామంది. మందుల షాపాయన అదే అన్నాడు. బస్తా మోసేవాడు కూడా అదే అన్నాడు. ఒక్కరు కూడా వేరే మాట అనలేదు. జగ్గారావుకు చెవి నిక్కింది. "గేసు అది," అన్నాడు. "నా ఎడం బుజం ఇరవయ్యేళ్ల నుంచి లాగతన్నాది, నాను సచ్చినానేటి? ఆస్పత్రికి ఎల్తే నేని రోగం రాస్తారు." ఆవిడ ఆయన వైపు తిరిగి అడిగింది, "నిజంగా గ్యాసేనంటావా అన్నయ్యా?" ఆ మొహంలో ఎంత ఆశ. "గేసే" అన్నాడు. ఆవిడ నవ్వి, చెయ్యి గోడ మీంచి తీసి, టీ ఇచ్చి పైకి వెళ్లిపోయింది. సత్యం ఆ రోజు "ఊఁ" అనలేదు. "హమ్మయ్య" అన్నాడు.

పగులున్నదాన్ని కొట్టి చూసి, బాగుందని పంపేశాడు జగ్గారావు. నలభై ఏళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా చేయని తప్పు.

ఆ సాయంత్రం సైకిలు తియ్యలేదు. నడిచే వెళ్లాడు. సందు మొదట ఆగలేదు. కొట్టు నిండా బేరాలు. ఆదర్శ్ చూసి మొహం తిప్పేసుకున్నాడు. నూనె డబ్బా మీద గసగసాల మూట పెట్టి ఉంది. జగ్గారావు మురిక్కాలవ మీద వేసిన చెక్క మీద నిలబడ్డాడు.

"సత్యం."

సత్యం తల ఎత్తలేదు.

"గేసన్నది నానే, సత్యం. మరిసిపోనాను. నిజంగానే మరిసిపోనాను."

ఒక బెంగాలీ ఆవిడ మధ్యలోకి వచ్చి అర కిలో మసూర్ పప్పు అడిగింది. సత్యం తూచాడు. పొట్లం కట్టాడు. దారం తెంపాడు. ఆవిడ వెళ్లేదాకా ఆగాడు.

"అన్నావు," అన్నాడు అప్పుడు. "విన్నది నేను. ఊరంతా ఆస్పత్రి అంటుంటే నా చెవి నీ వైపే తిరిగింది. లారీ దిగుతోంది, కొట్టు మూయక్కర్లేదు కదా అనుకున్నా. నాకు కావలసిన మాట నీ దగ్గర దొరికింది. నీ తప్పేం లేదులే."

ఇంకెవరైనా అయితే ఆ మాట పట్టుకుని ఏడ్చి, కళ్లు తుడుచుకుని ఇంటికి పోయేవారు. సత్యం అంత పెద్ద మనసుతో ఇచ్చాడు. ఆ మాట విన్నాక రాత్రికి నిద్ర పట్టేది కూడా.

"ఉన్నాది," అన్నాడు జగ్గారావు.

"లేదంటున్నానుగా."

"ఉన్నాదంటన్నాను గదా. నువ్వు నేదంటే పోద్దేటి? నన్నడిగింది ఆవిడ. నిన్ను కాదు."

సత్యం తూకం రాళ్లు వరసగా సర్దాడు.

"బాబాయ్, బేరాల టైము. ఇప్పుడు కూడా వాదనేనా?" అన్నాడు ఆదర్శ్. బాబాయ్ అన్నాడే గానీ గొంతులో ఆ పిలుపు లేదు.

"వాణ్ణి ఉండనీరా," అన్నాడు సత్యం కొడుకుతో.

ఉండమన్నాడు గానీ కూర్చోమనలేదు. గసగసాల మూట డబ్బా మీంచి ఎవరూ దించలేదు. జగ్గారావు దించమనీ అడగలేదు. కొట్టు కట్టేదాకా చెక్క మీద నిలబడ్డాడు. దారినపోయే రిక్షా గుద్దుకుంటే పక్కకు జరిగి మళ్లీ అక్కడే నిలబడ్డాడు. ఏడు గంటలకు పైనుంచి టీ రాలేదు.

మర్నాడూ వెళ్లాడు. ఇప్పటికి రెండు నెలలైంది, రోజూ వెళ్తున్నాడు. ఆదర్శ్ ఇంకా మాట్లాడడు. సత్యం మాట్లాడినరోజు మాట్లాడతాడు, లేనిరోజు లేదు. డెబ్భై మూడేళ్ల మనిషి మూడు గంటలు నిలబడి వచ్చి, మోకాళ్లకు మా అమ్మ చేత నూనె రాయించుకుంటూ, ఆ నూనె మంచిది కాదంటాడు. ఓ స్టూలు పట్టుకెళ్లు తాతా అన్నాను ఒకరోజు. కూర్చోడానికి వెళ్తున్నానని నీకెవరు చెప్పారే గుంటా, అన్నాడు.

ఇదంతా రాసి నిన్న మధ్యాహ్నం చదివి వినిపించాను. సూర్యుడి దగ్గరే మొదలుపెట్టాడు, తను అలా ఎప్పుడూ అనలేదని. మేస్త్రీలు ముగ్గురు కాదు ఇద్దరట. జిలేబీలు కాదు, పంతువా మిఠాయిలట. తీతు టీకొట్టు బెంచీ మీద కూర్చున్నది ఐదుగురు కాదట, ఆరుగురట, ఆ ఆరోవాడి పేరు గుర్తు లేదట. మా అమ్మ ఆయన్ని తిరగేసి నడపడం అబద్ధమట, ఆయనే అమ్మను అలా నడుపుతున్నాడట. పేజీకి నాలుగు తప్పులు పట్టాడు. మెట్ల మీద కన్యకాంబ అడిగిన చోటుకు వచ్చేసరికి నేనే ఆగాను. ఊళ్లో నలుగురూ చదువుతారు తాతా, ఆవిడకి నువ్వు గ్యాసని చెప్పిన ముక్క తీసేస్తానులే, అది లేకపోయినా కథ నడుస్తుంది, అన్నాను.

"అదొక్కటే ఉంచు," అన్నాడు. "మిగతాదంతా కొట్టెయ్."